నాట్ల నడుముకు సూదిమందేనా వైద్యం?

నాట్ల కాలం వచ్చిందంటే పల్లెల్లో సూదిమందుకు గిరాకీ పెరుగుతుంది. పొద్దంతా బురదలో వంగిన మనిషి రాత్రికి ఆర్‌ఎంపీ దగ్గరకు పోవడం, ఒక సూది, నాలుగు గోలీలు, తెల్లారి మళ్ళీ మడిలో దిగడం - ఇది ఇంటింటి కథే. గుత్త పనయితే చెప్పనే అక్కర్లేదు. ఎకరాకు ఇంతని ఒప్పుకున్నాక ముఠాలో ఒకరు లేచి నడుం సాచుకుంటే వారి పని మిగతావాళ్ళ మీద పడుతుంది. అందుకని ఎవరూ లేవరు.

ఈ నొప్పిని వైద్యులు చాలాకాలం ఎముకలో, డిస్కులో మాత్రమే వెతికారు. రోగాన్ని శరీరం ఒక్కదానితోనే అర్థం చేసుకోలేం, మనిషి మనసూ బతుకు పరిస్థితులూ లెక్కలోకి రావాలని అమెరికా వైద్యుడు జార్జి ఎంగెల్ 1977లో 'సైన్స్' పత్రికలో వాదించాడు. స్కాట్లండు సర్జన్ గోర్డన్ వాడెల్ 1987లో దాన్ని నడుం నొప్పికి అన్వయించాడు. కూలీ జనానికి ఇదేం కొత్త సంగతి కాదు. అప్పులవాడు గుమ్మంలో కూర్చున్న రాత్రి నొప్పి రెట్టింపవుతుందని వాళ్ళకు తెలుసు.

స్కానింగు కాగితం చూపించి "డిస్కు అరిగింది, ఆపరేషనే గతి" అని భయపెట్టేవాళ్ళున్నారు. నొప్పే లేని 3,110 మంది స్కానింగుల మీద 2015లో వెలువడిన పరిశీలన ఏం చెప్పింది? 50 ఏళ్ళవాళ్ళలో నూటికి 80 మందికి, 20 ఏళ్ళవాళ్ళలో సైతం 37 మందికి డిస్కు అరుగుదల కనిపించింది. అరుగుదల ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణం కాదన్నమాట. భయపడి మంచం పట్టినవాడికి కండ బలం తగ్గి, నొప్పి ఇంకా ముదురుతుంది.

అయితే మనసు మాట వినగానే కొందరు డాక్టర్లకు మంచి సాకు దొరికింది. "నీకేం లేదమ్మా, అంతా నీ భ్రమ" అని పంపేస్తున్నారు. నొప్పి భ్రమ కాదు, నిజం. శరీరం, మనసు, సమాజం అని మూడింటిని చెప్పిన శాస్త్రంలో మూడోదాన్ని మింగేయడమే ఇక్కడ జరుగుతున్న మోసం అని మా అభిప్రాయం.

ఆ మూడోదాన్ని మింగేస్తే ఏమవుతుందో ఆడకూలీల కడుపులు చెబుతాయి. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు నరికే ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో గర్భసంచులు తీయించుకున్నారని 2019లో బయటపడింది. పని మానితే జరిమానా వేసే కంట్రాక్టు పద్ధతి దాని వెనక ఉంది. మనమేం తక్కువ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 49 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో అందరికన్నా ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లోనే, నూటికి దాదాపు 9 మంది. ఆ తర్వాతి స్థానం తెలంగాణది. ఊళ్ళలో అడిగి చూడండి, నడుం నొప్పి అని పోయి గర్భసంచి లేకుండా తిరిగొచ్చిన అక్కలు ఎందరో!

దీర్ఘకాలపు నడుం నొప్పికి ఏం చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. జబ్బు గురించి మనిషికి అర్థమయ్యేలా చెప్పడం, వ్యాయామం, మనసుకు ఆసరా ముందు రావాలి. నడుం బెల్టు, ట్రాక్షన్, నల్లమందు జాతి మాత్రలు మామూలుగా వాడవద్దంది. నొప్పి గోలీలు రోజూ మింగితే కడుపు, మూత్రపిండాలు దెబ్బతింటాయని కూడా గుర్తుంచుకోవాలి. ఒకటి మాత్రం ఆలస్యం చేయరాదు: ఒంటికి, రెంటికి అదుపు తప్పినా, కాళ్ళు చచ్చుబడినా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి.

మరి వ్యాయామం నేర్పేదెవరు? ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వారంలో కొన్ని రోజులైనా ఫిజియోథెరపిస్టు రావాలని, నాట్ల, కోతల కాలంలో ఊళ్ళకే రావాలని మేము డిమాండ్ చేస్తున్నాం. వంగక్కర్లేని పొడుగు కర్ర కలుపు పనిముట్లు కూలీల చేతికి ఉచితంగా అందాలి. సంఘాలు ఈసారి గుత్త రేటు మాట్లాడేటప్పుడు గంటకోసారి నడుం సాచుకునే విరామాన్ని కూడా అందులో లెక్క కట్టించాలి. నొప్పితో ఉన్నవారికి తేలిక పని ఇచ్చి, అదే కూలి ఇప్పించాలి.