బ్రౌనీ వస్తుంది సరే, గొలుసు ఎవరు పట్టుకుంటారు?

కార్తీకమాసంలో వనభోజనాలు మనకి కొత్తవి కావు. ఉసిరిచెట్టు కింద చాపలు పరిచి, పులిహోర, గారెలు, గుమ్మడికాయ పులుసు విస్తళ్ళలో వడ్డించుకుని తిని, దీపాల వేళకి ఇళ్ళకి చేరడం మన అమ్మమ్మల నాటి నుంచీ ఉన్నదే. ఆ భోజనాల దగ్గర కుక్కలు కూడా ఉండేవి. దూరంగా కూర్చుని, విస్తళ్ళు లేచేదాకా మనకన్నా ఓపిగ్గా చూసేవి. వాటిని ఎవరూ వెంటబెట్టుకు వెళ్ళలేదు. అవి ఆ తోట కుక్కలు, ఆ ఊరి కుక్కలు.

ఇప్పటి పిల్లలకి ఆ పూట భోజనం చాలడం లేదు. టెంటు వేసుకోవాలి, రాత్రి మంట వేసుకోవాలి, తెల్లారి మంచులో లేవాలి. లంబసింగి, వనజంగి, మారేడుమిల్లి, గండికోట... వాళ్ళ నోట్లో ఎప్పుడూ ఈ పేర్లే. బాగానే ఉంది. మన వయసులో మనకి లేని సరదా వాళ్ళకైనా ఉండనీ అనుకునే తల్లినే నేనూ. ఈమధ్య దానికి ఇంకొకటి తోడయింది. ఇంట్లో కుక్కని కూడా తీసుకెళ్ళాలట. కుక్క లేకపోతే అది కుటుంబం కాదట.

నా మాట ముందే చెప్పేస్తాను. కుక్కని వెంట తీసుకెళ్ళడం తప్పు కాదు. అడవికీ, పక్షుల సరస్సుకీ, తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్డుకీ తీసుకెళ్ళడం మాత్రం తప్పు. ఎంత ప్రేమగా తీసుకెళ్ళినా తప్పే.

ముందు ప్రేమ సంగతి. వన్ టౌన్‌లో ఇళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసు. గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. ఆటో వస్తే మనిషి గుమ్మంలోకి తప్పుకోవాలి. అలాంటి ఇంట్లో మూడేళ్ళుగా మాతో ఉంటోంది బ్రౌనీ. దానికి దొరికే లోకం డాబా, మెట్లు, పొద్దున్నే ఓ అరగంట కృష్ణ ఒడ్డు. మే నెలలో డాబా మీద కాలు పెట్టలేక నీళ్ళ బకెట్ పక్కన పడుకుని రొప్పుతుంటే నాకే జాలేస్తుంది. అలాంటి ప్రాణిని ఒక్కసారి విశాలమైన చోట వదిలితే ఎలా పరిగెడుతుందో చూడాలని మా పిల్లలకి ఉండడంలో వింత లేదు. నాకూ ఉంది.

కానీ మనం విశాలమనుకునే చోటు ఖాళీ చోటు కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

మనకి దగ్గర్లో ఉన్న కొల్లేరునే తీసుకోండి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు అది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు వేలకొద్దీ గూళ్ళు కడతాయి. గట్టు మీద నిలబడి చూస్తే పురుళ్ళ ఆసుపత్రి వరండాలా ఉంటుంది. ఒకటే గోల, ఒకటే హడావిడి, ప్రతి తల్లికీ తన పిల్లదే ఆత్రం. అలాంటి చోట ఒక కుక్క సంబరంగా నాలుగు అరుపులు అరిచిందనుకోండి. దానికది ఆట. గూటి మీద కూర్చున్న పక్షికి ప్రాణభయం. తల్లి లేచి ఎగిరిందంటే వెనక గుడ్లకి ఎండా, కాకీ రెండూ శత్రువులే.

సరస్సు దాకా ఎందుకు, నది ఒడ్డు చాలు. తీతువు పిట్ట చెట్టు మీద గూడు కట్టదు. గులకరాళ్ళ మధ్య, బోడి నేల మీదే గుడ్లు పెడుతుంది. గుడ్డేదో రాయేదో మనకే తెలీదు. తీతువు అరిస్తే అపశకునమని మన పెద్దవాళ్ళు అనేవారు కానీ, పాపం అది అరిచేది తన గుడ్ల కోసం, మన చావు కోసం కాదు. వేసవిలో కృష్ణలో ఇసుకతిన్నెలు బయటపడినప్పుడు వాటి మీద గుడ్లు పెట్టే పిట్టలు ఇంకా ఉన్నాయి. ఆ నెలల్లో తిన్నెల మీద కుక్కని విప్పి వదలడమంటే పసిపిల్లలు పడుకున్న గదిలో బంతాట ఆడించడమే.

ఇక సముద్రం వైపు. హంసలదీవి, సూర్యలంక అంటే మనకి సాగరస్నానాలు గుర్తొస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆ తీరానికి రాత్రిపూట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వచ్చి, ఇసుక తవ్వి, ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. అందాకా ఆ గుడ్లకి కాపలా ఎవరూ లేరు. వాసన పట్టి తవ్వేసేవాటిలో నక్కలతో పాటు కుక్కలూ ముందుంటాయి. అందుకే అటవీశాఖ వాళ్ళు గుడ్లు ఏరి కంచె లోపల పాతిపెట్టి పొదిగిస్తుంటారు. అక్కడికి దగ్గర్లోనే కృష్ణా అభయారణ్యం మడ అడవుల్లో బావురుపిల్లి ఉంటుంది. చేపలు పట్టుకు తిని బతికే పిల్లి. ప్రపంచంలోనే అరుదైపోతున్న ఆ జీవి మన పాత ఉమ్మడి జిల్లా చివర ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

"మన బ్రౌనీ అలాంటిది కాదమ్మా, ఎవరినీ ఏమీ చేయదు" అంటుంది మా అమ్మాయి. నిజమే, చేయదు. ఏమీ చేయకపోయినా అది కొన్ని మోసుకెళ్తుంది. డిస్టెంపర్ అని కుక్కలకి వచ్చే జబ్బుంది, మనకొచ్చే తట్టు జాతి వైరస్సే. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో సుమారు వెయ్యి సింహాలు, అంటే అక్కడున్న వాటిలో మూడోవంతు, దాంతో పోయాయి. అది వాటికి చుట్టుపక్కల ఊళ్ళ కుక్కల నుంచి వచ్చిందని తేలింది. మన గుజరాత్‌లో, గిర్ అడవిలో 2018లో కొద్ది వారాల్లోనే 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు కూడా కొన్నింటిలో ఈ వైరస్సే బయటపడింది. అభయారణ్యంలోనూ, దాని చుట్టూ 5 కిలోమీటర్ల లోపలా ఉండే పశువులకి అంటువ్యాధుల టీకాలు వేయించాలని మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రాసిపెట్టింది ఇలాంటి భయంతోనే. మారేడుమిల్లి కొండల్లో ఉండే గిరిజనుల ఇళ్ళలో కూడా కుక్కలున్నాయి, వాటికి మన వాటిలా పశువుల డాక్టరు ఫోన్ చేస్తే రాడు. మనం ఒక్కరోజు ఉండి వచ్చేస్తాం. మనది వదిలివచ్చిన జబ్బు అక్కడే ఉండిపోతుంది.

అడవికే కాదు, కుక్కకీ ముప్పే. చిరుతకి కుక్క అంటే ఎంత ఇష్టమో అడవి పక్క ఊళ్ళలో ఎవరిని అడిగినా చెప్తారు. పాపికొండల్లోనూ నల్లమలలోనూ చిరుతలున్నాయి. రాత్రి టెంటు పక్కన కుక్కని కట్టేసి పడుకుంటే అది మనకి కాపలా కాదు, చిరుతకి పిలుపు.

మా పిల్లల దగ్గర ఇంకో అస్త్రం ఉంది, అమెరికా. అక్కడ అందరూ కుక్కలతోనే క్యాంపింగ్‌కి వెళ్తారు కదా అని. వర్జీనియాలో ఉన్న మా బాబాయి కూతురిని అడిగాను. అక్కడ వాళ్ళకి దగ్గర్లోని షెనండోవా నేషనల్ పార్కులో 500 మైళ్ళకి పైగా కాలిబాటలుంటే కుక్కలు వెళ్ళకూడనివి 20 మైళ్ళ లోపేనట. విన్నారా అన్నట్టు చూశారు పిల్లలు. మిగతాది కూడా వినమన్నాను. ఆ తిరిగేది కూడా 6 అడుగులు మించని తాడుతో, మనిషి చేతిలో. కుక్క తిండిని కూడా మన తిండితోపాటు కార్లో పెట్టి తాళం వేయాలి, లేకపోతే ఎలుగుబంటి వస్తుంది. దొడ్డికి వెళ్తే సంచిలో ఎత్తి తీసుకురావాలి. ఇక గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కు ఎంతో పెద్దది కదా, అక్కడ కుక్కలు నడవగలిగేవి రెండే రెండు బాటలు. ఎల్లోస్టోన్‌లో అయితే రోడ్డుకీ, కార్లు ఆపే చోటుకీ, టెంట్లు వేసే చోటుకీ 100 అడుగులు దాటి తీసుకెళ్ళకూడదు. ఇలా చోటు చోటుకీ వేరే లెక్క ఉంది. మనం వాళ్ళ దగ్గర్నుంచి టెంటు తెచ్చుకున్నాం, కుక్క ఫోటో తెచ్చుకున్నాం, ఆ 6 అడుగుల తాడు మాత్రం అక్కడే వదిలేసి వచ్చాం.

తెలుగు బి.ఏ. చదివినదాన్ని కదా, ఇలాంటి చోట నాకు సరమ గుర్తొస్తుంది. నన్నయ ఆదిపర్వం మొదట్లోనే వస్తుంది ఆవిడ. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ కొడుకు సారమేయుడు, కుక్కపిల్ల, ఆడుకుంటూ ఆ చోటికి వెళ్ళాడు. రాజుగారి తమ్ముళ్ళు కొట్టి తరిమారు. సరమ వచ్చి రాజునే నిలదీసింది, మంచిచెడ్డలు చూడకుండా నా బిడ్డని ఎందుకు కొట్టారని. ఇన్నేళ్ళూ ఆ కథని కుక్కపిల్ల పక్షానే చదివాను, ఇప్పటికీ ఆ పక్షమే. అయితే ఆ పిల్ల తనంతట తాను వెళ్ళింది. మన కుక్కలు తమంతట తాము కొల్లేరు వెళ్ళవు. కార్లో ఎక్కించి, ఏసీ వేసి, మనం తీసుకెళ్తాం. గూడు చెదిరినా, ఎవరైనా రాయి విసిరినా, నిలదీయాల్సింది కుక్కని కాదు. ధర్మరాజుతో స్వర్గద్వారం దాకా కుక్క నడవలేదా అని మా అబ్బాయి అడిగాడు. నడిచింది నాయనా, ఆయన దాన్ని విడిచిపెట్టి రథం ఎక్కనన్నాడు కూడా. నువ్వు బ్రౌనీని పదినిమిషాలు వదలకుండా పట్టుకుంటే అప్పుడు మాట్లాడదాం అన్నాను.

ఇక మన ఆడవాళ్ళ సంగతి. "కుక్క కూడా వస్తుంది" అన్న మాట మగవాళ్ళు, పిల్లలు చాలా తేలిగ్గా అంటారు. దాని అన్నం, గిన్నె, నీళ్ళ సీసాలు, పాత దుప్పటి, టీకాల కార్డు, గోమార్లు పట్టకుండా వేసే మందు, వాంతి చేసుకుంటే తుడిచే గుడ్డలు సర్దేదెవరు? చీకట్లో అది లేస్తే లేచేదెవరు? చెరువు నీళ్ళు పచ్చగా మీగడ కట్టినట్టుంటే అందులో విషపు నాచు ఉండొచ్చు, తాగనివ్వకూడదని గుర్తుపెట్టుకునేదెవరు? పక్క టెంటులో కుక్కంటే భయపడే పసిపిల్ల ఉంటే వాళ్ళమ్మకి సర్దిచెప్పేదెవరు? అందరూ సెలవుకి వెళ్తే అమ్మ డ్యూటీకి వెళ్తుంది. వంటింట్లో ఉన్న పని చెట్టు కిందికి మారుతుంది, అంతే తేడా. ఈ మాట ఇంట్లో అంటే కుక్క మీద ప్రేమ లేదంటారు. రోజూ దానికి అన్నం కలిపే చేతికి ప్రేమ లేదా?

కుక్కని ఇంట్లో వదిలి వెళ్ళడం క్రూరత్వమని కూడా నేననుకోను. తెలిసిన చోట, తెలిసిన మనిషి దగ్గర రెండు రోజులుంటే దానికేమీ కాదు. మా అత్తయ్యగారు ఉన్నారు, పక్కింటి పిన్నిగారున్నారు. తెలియని అడవి వాసనల్లో రాత్రంతా వణుకుతూ కూర్చోవడం కంటే దాని మూల దానికి సుఖం. అలా ఎవరూ లేనివాళ్ళకి డబ్బు తీసుకుని చూసుకునే చోట్లు ఊళ్ళో ఉన్నాయి. ఒకసారి వెళ్ళి గదులూ నీళ్ళూ కళ్ళారా చూసి, టీకాలు అడుగుతున్నారో లేదో చూసుకుని వదలండి. అడగని చోట అసలు వదలకండి.

మరి బ్రౌనీకి విశాలమైన చోటు ఎప్పుడు? దానికీ దారి ఉంది. నూజివీడు వైపు మామిడితోటలున్నాయి. చలికాలంలో కాయ ఉండదు, తోటమాలికి మన వల్ల ఇబ్బంది ఉండదు, చుట్టూ కంచె ఉంటుంది. తెలిసినవాళ్ళ తోట అయితే ఒక మాట అడిగితే చాలు. కంచె లోపల పొడుగు తాడుతో ఎంతైనా తిరగొచ్చు. రేబిస్ టీకాతోపాటు డిస్టెంపర్, పార్వోలవి కూడా సమయానికి వేయించి ఉండాలి. తోట కుక్కలకీ మనదానికీ మొదటి పూట దూరం ఉంచాలి. తోటమాలి ఇంట్లో కోళ్ళుంటే ఆ వైపు అసలు పోనివ్వకూడదు.

మా ఇంట్లో వాదన నెల రోజులు నడిచింది. మావారు ఎప్పటిలాగే ఇద్దరి మాటా బాగుందన్నారు. చివరికి మారేడుమిల్లికి బ్రౌనీ లేకుండా సంక్రాంతి తర్వాత, బ్రౌనీతో మా పెదనాన్నగారి మామిడితోటకి ఈ నెలాఖరున అని తేలింది. తోటకి సంబంధించి నేనొక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించాను. సర్దడం మా అమ్మాయి, గొలుసు పగలు మా అబ్బాయి, రాత్రి మావారు, సంచి పట్టుకుని వెనక నడవడం వంతులవారీగా ముగ్గురూ. నా పేరు వంట దగ్గర కూడా లేదు. మావారు రెండుసార్లు చదివి, కాగితం వెనక్కి తిప్పి కూడా చూశారు.