మంచునేలకు పోవువారి దుస్తులు

హబ్సిగూడలో 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధనాలయపు శాస్త్రజ్ఞులు అంటార్కిటికా యాత్రలలో పాల్గొనుచున్నారు. 1983లోనే సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ అను వనితలును మన దేశమునుండి ఆ మంచునేలకు పయనమైరి. కావున సోదరీమణులారా, ఈ దుస్తుల సంగతి మనకును తెలియవలసినదే.

పయనమగు బిడ్డ పెట్టెలో నూలుబనీనులు సర్దుట తల్లుల యలవాటు. మన యెండలకు మేలైన నూలే మంచున ప్రాణము మీదికి తెచ్చును. అది చెమటను పీల్చి, తడియాఱక, యొంటివేడిమిని లాగివేయును. ఒంటి నంటునది సన్నని యున్నిదై యుండవలెను. దానిపై వదులుగా మందపుటున్ని. వెలుపల గాలి చొరని కోటు. పొరల నడుమ నిలిచిన గాలియే వెచ్చదన మిచ్చును గాన బిగువుగా నెన్ని తొడిగినను ఫలము లేదు. చెమట పట్టకమునుపే యొక పొర విప్పుమని చెప్పి పంపుడు. కెనడాలో గడ్డకట్టిన సరస్సులపై చేపలు పట్టువారికిని ఇదియే పద్ధతి. బూటు బిగియునట్లు రెండేసి మేజోళ్లు తొడుగుట మాకు సమ్మతము కాదు. వ్రేళ్లకు నెత్తురు పాఱదు.