పట్టమును, బాకీయును

విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయ స్నాతకోత్సవము జరుగు దినమున, పొడవైన అంగీలు దాల్చి పట్టముల నందుకొనుటకు వరుసదీరి నడచు యువతీయువకులను జూచిన తెలుగువాని కెవ్వనికైనను హృదయ ముప్పొంగక మానదు. ఆ వరుసలో తన బిడ్డయే యుండ నక్కఱలేదు. సభాభవనమున వెనుక వరుసలలో గూర్చుండి, వేదికపై సాగు ఆంగ్లోపన్యాసము బోధపడకున్నను, తమవాని పేరు పిలిచిన క్షణమున దిగ్గున లేచి నిలుచు తల్లిదండ్రుల మొగములను జూచిన జాలును. ఇల్లు తాకట్టు పెట్టినవారును, ఉన్న యెకర మమ్మినవారును వారిలో నుందురు. ఆ యానందమునకు మేమును భాగస్వాములము. పట్టభద్రుల నాశీర్వదించుచు, వారు చదివిన విద్యాలయ మెట్టిదో, వారు మోయు బాకీ యేదో చెప్పదలంచితిమి.

స్నాతకు డనగా స్నానము చేసినవాడు. గురుకులమున చదువు ముగించిన బ్రహ్మచారి మంగళస్నాన మాచరించి, గురుదక్షిణ సమర్పించి, ఇంటికి మరలుట పూర్వాచారము. నేటి యుత్సవమున ఆ పేరు నిలిచినది. అంగీ సీమనుండి వచ్చినది. దక్షిణ మాట మాత్ర మెవ్వరికిని జ్ఞప్తి లేదు. పరీక్షరుసుము చెల్లించుటతోడనే ఆ ఋణము తీఱెనని పలువురి తలంపు. అది తీఱలేదని మా వాదము.

ముందుగా ఈ విద్యాలయము పుట్టుక దెలిసికొందము. 1857 లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయమే డెబ్బది యేండ్లకు జేరువగా తెలుగు జిల్లాల కాధారము. రాజమహేంద్రవరమున జదివినను, బందరున జదివినను, విజయనగరమున జదివినను పట్టము మద్రాసుదే. 1913 లో బాపట్లయందు ప్రథమాంధ్ర మహాసభ సమావేశమైన కాలమునుండి రాష్ట్రవాంఛతోపాటు విశ్వవిద్యాలయవాంఛయు తెలుగువారిలో బలపడెను. ఆ కోరిక 1926 ఏప్రిల్ 26 వ తేదీన ఫలించెను. ఆంధ్రరాష్ట్రము 1953 లో గాని యేర్పడలేదు. అనగా మనవారు ‘ఆంధ్ర’ యను పేరును ఒక ప్రభుత్వమునకు బెట్టుటకు ఇరువదియేడేండ్లు ముందుగా ఒక చదువులయింటికి బెట్టిరి. ఏ జాతియైనను తన పేరును దేనికి బెట్టుకొన్నదో చూచి దాని మనస్సు నెఱుగవచ్చును. ప్రభుత్వమునకంటె ముందుగా విద్యకు బెట్టిరి.

పీఠ మెక్కడ నుండవలయునని బెజవాడయు, రాజమహేంద్రవరమును, విశాఖపట్టణమును తగవులాడిన మాట నిజము. మొదట బెజవాడలో నిలిచి, 1930 లో వాల్తేరు చేరెను. కొలది యేండ్లలోనే రాయలసీమ జిల్లాలు మరల మద్రాసు విశ్వవిద్యాలయము క్రిందికి బోయెను. మన యైకమత్యము నాడును సంపూర్ణము కాదు. అయినను కౌతా రామమోహనశాస్త్రిగారు చిత్రించిన చిహ్నమున ఉదయించు సూర్యుడు, పద్మము, విజ్ఞానమును గాచు రెండు సర్పములు వెలసెను. మన యధ్యయనము తేజోవంతము గావలయునను ప్రార్థన దాని క్రింద నిలిచెను.

ఆ తేజస్సును ప్రథమమున చూపినవారు తొలి వైస్‌చాన్సలరగు కట్టమంచి రామలింగారెడ్డిగారే. ఉప్పుసత్యాగ్రహపు దినములలో ప్రభుత్వము సాగించిన నిర్బంధవిధానమునకు నిరసనగా 1930 లో వారు పదవిని త్యజించిరి. తాము సాకి పెంచుచున్న శిశువును నాలుగేండ్ల ప్రాయమున విడిచిపెట్టుట ఎంత కష్టమో తలపుడు! ఆ యేటి విద్యార్థులకు అంతకు మించిన స్నాతకోపన్యాస మక్కఱలేదు. పదవి విద్యకొఱకు గాని విద్య పదవికొఱకు గాదని వారు తమ నడతచే జెప్పిరి. 1936 లో మరల వచ్చి 1949 వఱకు ఆ భారము వహించిరి.

నడుమ 1931 నుండి అయిదేండ్లు సర్వేపల్లి రాధాకృష్ణపండితు లాపీఠము నలంకరించిరి. రామన్ శిష్యులగు సూరి భగవంతముగారు భౌతికశాస్త్రమును, శేషాద్రిగారు రసాయనశాస్త్రమును, పింగళి లక్ష్మీకాంతముగారు తెలుగును బోధించిరి. వంగదేశమునుండి హుమాయూన్ కబీరు వచ్చెను. 1933 లో రవీంద్రనాథఠాకూరు వాల్తేరునకు విచ్చేసి మానవుని గూర్చి యుపన్యసించిరి. జయపుర సంస్థానాధీశు లేటేట లక్షరూపాయల విరాళ మొసగిరి. విక్రమదేవవర్మగారి పేర శాస్త్రకళాశాల వెలసెను. ఆ లక్షరూపాయలు రాజనగరున బండినవి కావు, కొండపొలములలో బండినవి యను మాటయు ఇచ్చట జ్ఞప్తి చేయవలసియున్నది. 1942 ఏప్రిల్ 6 వ తేదీన జపానువారు విశాఖపై బాంబులు వేసిరి. యుద్ధ మా కొండపై చదువును చెల్లాచెదరు చేసెను గాని యార్పలేకపోయెను.

ఆ కాలమందే అచ్చట గణితమున ఎం. ఏ. పట్టమొందిన యువకు డొకడు 1941 లో కలకత్తా జేరి, భారత గణాంకశాస్త్ర సంస్థలో బ్రవేశించెను. 1945 లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, ఆయన ప్రకటించిన యొక్క వ్యాసమునందలి ఫలితములు నేటికిని ప్రపంచమంతట ఆయన పేరనే పాఠములుగా జెప్పబడుచున్నవి. ఆయనయే కల్యంపూడి రాధాకృష్ణరావుగారు. 2023 లో, నూటరెండేండ్ల వయస్సున, గణాంకశాస్త్రమున అంతర్జాతీయ బహుమానము నందుకొని, ఆ యేటనే పరమపదించిరి. నూజివీటిలోను, నందిగామలోను, విశాఖలోను చదివిన బాలుడు లోకమునకు లెక్క నేర్పినా డనిన మాటలో గర్వింపదగినది లేదందుమా? ఉన్నది. గర్వింపుడు.

గర్వించిన పిమ్మట ఒక ప్రశ్న వేసికొనుడు. ఆయన కనుగొన్న దేమో మన పఠనమందిరమున నెందరికి దెలియును?

మఱియొక దృష్టాంతము. 1952 లో అమెరికానుండి లాఫాండ్ అను సముద్రశాస్త్రజ్ఞుడు వాల్తేరునకు వచ్చి, మన యధ్యాపకులతోడను విద్యార్థులతోడను గలసి బంగాళాఖాతమును పరిశోధించెను. విశాఖతీరమునకు ఎదురుగా సముద్రగర్భమున మూడు లోతైన లోయ లుండుట తేలెను. వానికి ఆంధ్ర యనియు, మహాదేవన్ అనియు, కృష్ణ యనియు నామకరణము చేసిరి. మొదటిది విశ్వవిద్యాలయము పేరు. రెండవది భూగర్భశాస్త్రాచార్యుల పేరు. మూడవది నాటి వైస్‌చాన్సలర్ వాసిరెడ్డి శ్రీకృష్ణగారి పేరు. నీటిక్రింద మన పేరుగల లోయ యున్నది! ఆ నీటిపైననే తెప్పలు వేయు జాలరులకు ఈ సంగతి తెలుగులో జెప్పినవా రెందరు? ప్రత్తిపూవున కా రంగెట్లు వచ్చునో శేషాద్రిగారు వాల్తేరు ప్రయోగశాలలో శోధించిరి. గుంటూరు ప్రత్తిరైతు చెవికి ఆ మాట సోకినదా? సముద్రము వారిది, ప్రత్తి వారిది, పన్ను వారిది. తెలిసికొన్న తెలివి మాత్రము వారికి జేరని భాషలో బీరువాలలో నున్నది.

ఇచ్చట విశ్వవిద్యాలయముయొక్క వింతగుణ మొకటి చెప్పక తప్పదు. అది వృద్ధపండితులను గౌరవించునపుడు ‘కళాప్రపూర్ణ’ యను చక్కని బిరుదము నిచ్చును. 1938 లో గిడుగు రామమూర్తిపంతులుగారికి ఆ బిరుద మిచ్చెను. జనులు పలుకు భాషలోనే జనులకు చదువు చెప్పవలయునని యావజ్జీవము పోరాడిన మహనీయు డాయన. ఈ సంపాదకీయమువంటి ప్రాతపోకడ వ్రాతలను గూడ ఆయన మన్నింపకపోవును! అట్టి ముదుసలిని సన్మానించుటకు తెలుగు పనికివచ్చెను. పడుచువానికి శాస్త్రము నేర్పుటకు మాత్రము పనికిరాదాయెను.

‘ఆంగ్లము లేనిదే అన్నము లే’దని కొందఱందురు. ఆ మాటను మేము తేలికగా ద్రోసివేయము. ఎకర మమ్మి కుమారుని చదివించిన తండ్రి వానికి కొలువు గోరుట తప్పు గాదు. రాధాకృష్ణరావుగారు తెలుగున మాత్రమే వ్రాసియుండిన లోక మాయన నెఱుగకపోయెడిది. ఆంగ్లమును విడువుమని మేము కోరుట లేదు. ఆంగ్లమున నేర్చినదానిని తెలుగున జెప్పుమని కోరుచున్నాము.

అది సాధ్యమా యని సందేహించువారు హైదరాబాదువంక జూడవచ్చును. 1918 లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము వైద్యమును, ఇంజనీరింగును గూడ ఉర్దూలో బోధించెను. అందులకై 1917 లోనే అనువాదశాఖను నెలకొల్పి గ్రంథములు సిద్ధము చేయ మొదలిడిరి. ఆ భాష రాజ్యమున అధికసంఖ్యాకుల మాతృభాష కాకుండుట దాని లోపము. 1938 లో వందేమాతరము పాడిన విద్యార్థులను వెడలగొట్టుట దాని మచ్చ. అయినను దేశభాషలో శాస్త్రము చెప్పుట కలగాదని అది ఋజువు చేసెను. మనవారును ఊరకుండలేదు. 1968 లో తెలుగు అకాడమి నేర్పఱచి డిగ్రీ తరగతులకు గ్రంథములు వ్రాయించిరి. ఆ గ్రంథములు చదివి పైకి వచ్చిన పేదబిడ్డ లెందఱో. కాని 2021 లో ఆంధ్రప్రదేశమునందలి డిగ్రీ కళాశాలల నన్నిటిని ఆంగ్లమాధ్యమమునకు మార్ప నిర్ణయమైనది. అరువదియేండ్లు నిండక మునుపే, తెఱచిన తలుపును మూయబూనితిమి.

తలుపు తెఱచియుంచిన పట్టభద్రుడు లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగా రీ విద్యాలయముననే చదివి, ఇచ్చటనే యధ్యాపకులై, అమెరికాలో ఉన్నతపట్ట మందుకొని తిరిగి వచ్చిరి. వచ్చి యేమి చేసిరి? నాగలికి, కాడికి, కొడవలికి, కళ్లమునకు ఏ సీమలో నే మాట యున్నదో రైతులయొద్ద నడిగి తెలిసికొను పనికి బూనిరి. ఆ పనినుండియే 1962 లో మాండలిక వృత్తిపదకోశముయొక్క వ్యవసాయసంపుటము వెలువడెను. తరువాత చేనేతపదముల సంపుటము వచ్చెను. రైతునొద్దకు బోయి, వాని మాటలకు విలువగట్టి, వానికే గ్రంథముగా మరల నిచ్చిరి. గురుదక్షిణ యనగా నిట్టిది.

మా వృత్తియందలి యొక యనుభవము చెప్పి ముగించెదము. ఉన్నతన్యాయస్థానపు తీర్పు ప్రతిని చేతబట్టుకొని పల్లెనుండి వచ్చిన కక్షిదారు ఒకడు మా గడపలో నిలిచి, “బాబూ, ఇందులో ఏటి రాసినారు? నా భూమి నాకుందా?” యని యడిగెను. భూమి వానిది, వ్యాజ్యము వానిది, రుసుము వానిది. తీర్పు మాత్రము వానికి రాని భాషలో నున్నది. మేము చదివి తెలుగులో జెప్పితిమి. ఆ క్షణమున మా పట్టమున కర్థ మేమో మాకు దెలిసెను. చదువుకొన్నవాడు చదువుకొననివానికి చదివిపెట్టవలసినవాడు. అంతకంటె వేఱు గౌరవము పట్టమునకు లేదు.

కావున విశ్వవిద్యాలయాధికారులకు మా మనవి: డాక్టరుపట్టము గోరు ప్రతి పరిశోధకుడును తన గ్రంథసారమును పది పుటలలో సులభమైన తెలుగున వ్రాసి యియ్యవలెనని నియమము చేయుడు. ఆ పుటలను జిల్లా గ్రంథాలయముల కంపుడు. ప్రతి శాఖయు ఏడాది కొకమాఱు విశాఖ దాటి, శ్రీకాకుళముననో, ఏలూరుననో, తుని వంటి పట్టణముననో తెలుగున నుపన్యాస మేర్పాటు చేయవలయును. ఇందులకు పెద్దధనము పట్టదు. కొంచెము వినయము పట్టును.

పఠనమందిర సభ్యులకు మా మనవి: మీ యూరి పట్టభద్రుని పూలదండతో పంపివేయకుడు. ఒక సాయంకాలము కూర్చుండబెట్టి, నీవు చదివిన దేమో మాకు జెప్పుమని యడుగుడు. చెప్పలేకపోయిన, మఱల నెల వాయిదా యిచ్చి రమ్మనుడు. అడుగువాడు లేక బాకీలు నిలిచిపోవుచున్నవి.

పట్టభద్రులారా! నూఱేండ్లనాడు తెలుగువారు తమ పేరును ఒక చదువులయింటికి బెట్టి, ఆ ఋణపత్రమును మీ చేతి కందించిరి. మీరు నేడందుకొన్న కాగితముపై మీ పేరున్నది. దాని వెనుక వారి చేవ్రాలున్నది. ప్రామిసరీనోటునకు మూడేండ్లలో కాలదోషము పట్టును. ఈ నోటునకు ఆ దోషము లేదు. దేశదేశముల కేగుడు, కీర్తి గడింపుడు, సుఖముగా నుండుడు. ఎక్కడ నున్నను వాయిదా మఱవకుడు. మీకు జయమగుగాక!