మందు పొట్లముపై మాతృభాష

మందు చేదైనను మ్రింగవచ్చును. మ్రింగవలసిన విధము తెలియకున్నచో ఆ మందే విషమగును. మన పట్టణములలో ఏ మందుల షాపు ముందైనను కొంతసేపు నిలిచి చూడుడు. కొనువాడు తెలుగువాడు, అమ్మువాడు తెలుగువాడు. ఇరువురి నడుమనున్న చీటీకి మాత్రము తెలుగు రాదు. దానికి పూర్తిగా ఇంగ్లీషును రాదు. "బి.డి." అనగా దినమునకు రెండుసార్లు, "టి.డి.ఎస్." అనగా మూడుసార్లు, "హెచ్.ఎస్." అనగా నిద్రించు వేళ, ఇవన్నియు లాటిను మాటల పొడి అక్షరములు. "ఎస్.ఓ.ఎస్." అనగా అవసరమైనప్పుడు మాత్రమే వాడవలెనని అర్థము. ఇది యెఱుగని గృహస్థు ఆ మాత్రను ప్రతిదినమును వేసికొనినచో తప్పెవ్వరిది?

ఇంగ్లీషుపై మాకు ద్వేషము లేదు. టాబ్లెట్టు, సిరపు, ఇంజెక్షను అను మాటలు మన ముసలమ్మల నోళ్లలో సయితము నానినవి. వానిని వెడలగొట్టి సంస్కృత సమాసములు కల్పింపుడని మేము కోరము. ఔషధముల పేర్లు దేశదేశములందు ఒక్కటిగా నుండుట క్షేమకరమే. కాని పేరు వేరు, వాడుక వేరు. "షేక్ వెల్ బిఫోర్ యూజ్" అని అచ్చువేయుచోట "బాగుగా కుదిపి వాడుడు" అని యేల వేయరాదు? "ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ" అనుచోట "పైపూతకు మాత్రమే, త్రాగరాదు" అన్నచో పసిబిడ్డల తల్లికి ఎంత మేలు! పరగడుపు, పూట, మోతాదు, పథ్యము, అనుపానము: వైద్యమునకు కావలసిన మాటలు మన యిండ్లలో తరతరములుగా నున్నవి. వీనిని విడిచి అరకొర ఇంగ్లీషుతో మన బాధను చెప్పుకొనుటయు ప్రమాదమే. "మోషన్" అను నొక్క మాటతోనే మనవారు విరేచనములను చెప్పుదురు, మలబద్ధమును చెప్పుదురు. ఈ రెంటికి మందులు ఒకదానికొకటి విరుద్ధములు గదా!

శాసనములు లేకపోలేదు. 1940 నాటి ఔషధ చట్టమును, 1945 నాటి నిబంధనలును నేటికిని నడచుచున్నవి. కొన్ని ప్రబలమైన యాంటీబయాటిక్కుల పొట్లములపై, వైద్యుని సలహా లేక వాడుట అపాయకరమని ఎఱ్ఱని గీతల నడుమ హెచ్చరిక ముద్రింపవలెనని 2013లో నియమమేర్పడినది. ఆ హెచ్చరికయు ఇంగ్లీషుననే కానవచ్చుచున్నది. చదువలేనివానికి హెచ్చరిక యేమి హెచ్చరిక?

ఇంతకన్న వింత యొకటి గలదు. పైరుకు చల్లు పురుగుమందు విషయమున 1971 నాటి నిబంధనలు, అది అమ్ముడుపోవు ప్రాంతపు భాషలో సయితము చీటీని, వివరణపత్రమును ముద్రింపుడని విధించినవి. అనగా చేనిలోని పురుగును చంపు మందు తెలుగున మాటలాడవచ్చును. ఇంటిలోని బిడ్డను బ్రతికించు మందు మాటలాడరాదు! ఐరోపా సమాఖ్యలో 2001 నాటి ఆదేశము ప్రకారము, మందు ఏ దేశమున అమ్మబడునో ఆ దేశపు అధికార భాషలోనే వివరములుండవలెను. అచ్చట సాధ్యమైనది ఇచ్చట అసాధ్యమగునా?

పొట్లముపై చోటు లేదని కొందరందురు. 2023 ఆగస్టు నుండి 300 ఔషధములపై క్యూఆర్ కోడు ముద్రింపవలెనని ప్రభుత్వము శాసించినప్పుడు చోటు దొరకినది. నాలుగు తెలుగు మాటలకు దొరకకపోదు.

కావున కేంద్ర ప్రభుత్వము వాడుక విధమును, హెచ్చరికను ప్రాంతీయ భాషలలో ముద్రింపజేయవలెను. మందుల పేర్లను స్పష్టముగా, వీలైనంతవఱకు పెద్ద అక్షరములలో వ్రాయుడని 2016లో వైద్యులకు నియమము చేసిరి. వేళను, మోతాదును తెలుగున వ్రాయుట దానికి సహజమైన తరువాయి. ఫార్మసిస్టులు శాసనమునకై వేచియుండనక్కఱలేదు. పొట్లముపై కలముతో "ఉదయము ఒకటి, రాత్రి ఒకటి, భోజనానంతరము" అని వ్రాయుటకు క్షణకాలము చాలును. గ్రంథాలయముల వారు పై పొడి అక్షరముల అర్థములను ఒక పలకపై వ్రాసి గోడకు వ్రేలాడదీసినచో అదియు ప్రజాసేవయే.

పాఠకులకొక్క మనవి. ఈ మందు దేనికి, ఎంత, ఎప్పుడు, ఎన్నినాళ్లు, దీని గడువెప్పటికి తీరును? ఈ అయిదు ప్రశ్నలను తెలుగున నడుగక షాపు మెట్లు దిగకుడు. అడుగుటకు సిగ్గుపడవలదు. డబ్బిచ్చి కొన్న మందు సంగతి మన భాషలో తెలిసికొనుట మన హక్కు.