బొమ్మ చూద్దాం... కథ అల్లుదాం!

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో కంపెనీ బస్సెక్కి పటాన్‌చెరు వెళ్లిన నాన్న, సెకండ్ షిఫ్టు ముగించుకుని ఇల్లు చేరేసరికి బుజ్జిగాడు నిద్రలో ఉంటాడు. మరి వాడికి కథ చెప్పేదెప్పుడు?

సెలవు రోజున పావుగంట చాలు. బొమ్మల పుస్తకం తెరవండి. గబగబా చదివేయకుండా 'పిల్లి ఎక్కడ దాక్కుంది?', 'ఇప్పుడేమవుతుంది?' అని అడగండి. ఏనుగొస్తే నాన్న చెయ్యే తొండం! వానొస్తే గిన్నె మీద అమ్మ వేళ్ల చప్పుడే చినుకులు! చదువురాని నానమ్మా బొమ్మ చూసి కథ చెప్పేయొచ్చు.

అదే పుస్తకం పదిసార్లు తెచ్చినా విసుక్కోవద్దు. మళ్లీ మళ్లీ వింటేనే కొత్త మాటలు మనసులో నిలుస్తాయి.

పుస్తకాలు కొనడం భారమా? ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితం. ఫోన్ మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి.

మర్నాడు నాన్న డ్యూటీకి వెళ్లాక చూడండి... బుజ్జిగాడే నానమ్మకు కథ చెబుతుంటాడు!