సైగ మాటకు శత్రువా?

మా బంధువుల ఇంట నాలుగేండ్ల బాలుడొకడున్నాడు. అతనికి ఆటిజం ఉన్నదని వైద్యులు నిర్ధారించారు. దాహమైతే పెద్దవారి చేయి పట్టి కూజా దగ్గరకు లాగుకొనిపోతాడే గాని ‘నీళ్లు’ అనడు, ‘పానీ’ అనడు. శిక్షకురాలు బొటనవ్రేలిని పెదవులకెత్తి తాగే సైగను నేర్పబోగా దాదీమా అడ్డుపడింది. “సైగలు మరిగితే వీడికిక మాట రాదమ్మా, మూగవాడైపోతాడు!” ఆమె ప్రేమను మేము శంకించము. ఆ భయం నిరాధారమని మాత్రం మా నిశ్చితాభిప్రాయం.

సామాన్యంగా శిశువు తొలి పుట్టినరోజు నాటికి వేలితో వస్తువులను చూపుతాడు. అలా చూపిన వస్తువు పేరే కొన్నాళ్లకు నోట పలుకుతుందని పరిశోధకులు గమనించారు. ఆటిజం గల పిల్లలలో ఆ వేలు చూపుటయే ఆలస్యమవుతుంది. కనుక సహజంగా ఏర్పడని ఆ మెట్టును మనమే కట్టవలసి ఉంటుంది.

పలికిన మాట క్షణంలో గాలిలో కలిసిపోతుంది. సైగ కొంతసేపు కంటి ఎదుట నిలుస్తుంది. బిడ్డ నాలుకను పట్టి తిప్పలేము, చేతిని మాత్రం మెల్లగా పట్టి చూపగలము. అర్థాన్ని ఎదుటివారి చెంతకు చేర్చేదే అభినయమని మన నాట్యశాస్త్రజ్ఞులు ఏనాడో గ్రహించారు గదా! అయితే సైగ ఒక్కటే చాలదు. చేసిన ప్రతిసారీ మాటను స్పష్టంగా పలకాలి. బిడ్డకు ఆ వస్తువు కావలసిన వేళనే చేయాలి. చేసిన వెంటనే ఆ వస్తువు చేతికందాలి. ఇంగ్లండులో 1970ల నాడు రూపొందిన మాకటన్ పద్ధతిలోనూ సైగతోపాటు మాట తప్పనిసరి. ఇట్టి పద్ధతులు మాటను అడ్డగించినట్లు ఆధారం లేదని 2008లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. పలువురు పిల్లలలో మాట కొంత పెరిగింది కూడా, అది స్వల్పమే అయినప్పటికీ. చేతి కదలికలను అనుకరించుటే కష్టమైన పిల్లలూ ఉన్నారు. వారికి బొమ్మల కార్డులు మేలు.

మరొక మాట. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మా వంటి ఇండ్లకు “ఒక భాష మానివేయండి” అనే సలహా తరచు వస్తుంది. రెండు భాషల నడుమ పెరుగుట వలన ఈ పిల్లలు మరింత వెనుకబడినట్లు అధ్యయనాలలో కానరాలేదు. తల్లి లాలించే భాషను ఇంటినుండి వెళ్లగొట్టమనుట మాకు క్రూరంగా తోస్తుంది. పైగా ‘పానీ’కీ ‘నీళ్లు’కూ సైగ ఒక్కటే!

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. బుద్ధిమాంద్యం గలవారి కొరకు 1984లో నెలకొన్న జాతీయ సంస్థ మన సికిందరాబాదులోనే ఉన్నది. అచటి నిపుణులను ఆహ్వానించి, మన జాతీయ సేవా పథకం విద్యార్థులకు ఒక్కరోజైనా శిక్షణ ఇప్పించవలసినదిగా కళాశాల పాలకవర్గాన్ని కోరుతున్నాము. అంగన్‌వాడీలకూ బస్తీలకూ వెళ్లేది వారే గదా.

ఆ బాలుడిప్పుడు బొటనవ్రేలు పెదవులకెత్తి “పా” అంటున్నాడు. అది పానీయో, పాలో ఇంకా తేలలేదు. దాదీమా రెండూ తెచ్చి ముందు పెడుతోంది.