కోటను కోటలా చూపించండి



సంక్రాంతి వెళ్లాక వినుకొండ నుంచి నా స్నేహితురాలు మా ఇంటికి వచ్చింది. ముప్పై ఏళ్ల కిందట బీఎడ్ చదువుతూ ఒకే గదిలో ఉన్నవాళ్లం. ఇద్దరం సాంఘికశాస్త్రం పాఠాలు చెప్పే రిటైరయ్యాం. "ఈసారి మీ ఓరుగల్లు కోట తీరిగ్గా చూపించాలి, హడావుడి పెట్టొద్దు" అని ముందే చెప్పింది. పొద్దున ఏడింటికి పులిహోర డబ్బా, నీళ్ల సీసాలు సర్దుకుని హన్మకొండ నుంచి బయల్దేరాం. తిరిగి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది.

ఆ రోజంతా తిరిగాక నా మనసులో గట్టిగా నిలిచిన మాట ఒకటుంది. మన దగ్గర కోట ఉంది, కానీ వచ్చినవాళ్లు చూసి వెళ్తున్నవి నాలుగు తోరణాలు మాత్రమే. ఖిలా వరంగల్‌ను ఒక రోజు నడిచి చూసే కోటగా తీర్చిదిద్దాలి. ప్రతి ముఖ్యమైన చోటా "ఇది ఎందుకు కట్టారు" అన్నది తేట తెలుగులో చెప్పాలి. ఈ లేఖ అందుకే రాస్తున్నాను.

మేము నేరుగా తోరణాల దగ్గరికి వెళ్లలేదు. ముందు మట్టికోట దగ్గర ఆగాం. తుమ్మలు, పిచ్చిమొక్కలు పెరిగిన ఆ కట్టను చూసి మా స్నేహితురాలు చెరువుకట్ట అనుకుంది. ఆమె తప్పేం లేదు, అది కోటగోడ అని చెప్పే గుర్తేదీ అక్కడ మాకు కనిపించలేదు. కాకతీయ రాజు గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను ఆయన కూతురు రుద్రమదేవి మరింత ఎత్తు చేసి, దాని చుట్టూ ఈ మట్టికోట, అగడ్త వేయించిందని చరిత్రకారులు చెబుతారు. సుమారు రెండున్నర కిలోమీటర్ల వ్యాసం ఉన్న వలయం ఇది. 1310లో మాలిక్ కాఫుర్ దండెత్తి వచ్చినప్పుడు ఢిల్లీ సేనను వారాల తరబడి ఆపింది ఈ మట్టే. ఆ దండయాత్ర కథ రాసిన ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో కూడా ఈ గోడ గట్టిదనాన్ని ఒప్పుకున్నాడు. శత్రువు సైతం మెచ్చిన గోడను మనం చెరువుకట్ట అనుకుని దాటిపోతున్నాం. కొన్నిచోట్ల అది ఇప్పటికే చదునైపోయింది. గోడ అని తెలియనప్పుడు దాన్ని తవ్వుకునేవాడిని ఆపాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

అక్కడి నుంచి రాతికోట తూర్పు ద్వారం దగ్గరికి వచ్చాం. లోపల అడుగుపెట్టగానే ఎదురుగా గోడ. నేరుగా పోవడానికి వీల్లేదు, మూలమట్టంగా మళ్లాలి. దూసుకొచ్చే గుర్రపుదళానికి అక్కడ వేగం చచ్చిపోతుంది, పైనున్న కాపలావాళ్లకు వచ్చినవాడి పక్క చిక్కుతుంది. ఆ మలుపులో నిలబడి ఈ సంగతి చెప్పబోతుంటే వెనక నుంచి ఆటో హారన్. పక్కకు ఒదిగాం. దాని వెనకే ట్రాక్టర్. ఏడు వందల ఏళ్లు దాటిన ద్వారంలో ఇద్దరు మనుషులు రెండు నిమిషాలు నిలబడి పైకి చూసే వీలు లేదు.

తర్వాత గోడ లోపలివైపు మెట్ల మీద కూర్చున్నాం. ఈ కోటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఈ మెట్లు. మిగతా కోటల్లో గోడ ఎక్కడానికి అక్కడక్కడ ఓ మెట్ల వరుస ఉంటుంది. ఇక్కడ గోడకు లోపల కట్టిన వాలు పొడవునా రాతిమెట్లు పరిచారు. ఏ మూల కేక వినిపించినా అక్కడికక్కడే పైకెక్కవచ్చు. సున్నం లేకుండా రాయికి రాయి ఒదిగేలా పేర్చిన గోడ, దానికి నలభై అయిదు బురుజులు. మా స్నేహితురాలు రెండు రాళ్ల మధ్య సందులో వేలిగోరు పెట్టి చూసింది. గోరు దూరలేదు.

నేను చెప్పేది పక్కనే ఫోటోలు దిగుతున్న ఒక కుటుంబం చెవిన పడింది. తండ్రి ఫోన్ జేబులో పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. పదేళ్ల పాప గబగబా పైదాకా ఎక్కి, అటు తొంగిచూసి, దిగివచ్చి అడిగింది: "మరి మట్టికోట ఎక్కడుంది టీచరమ్మా?" నేను దారి చెప్పాను. కారు అటువైపే తిప్పారు. అంతకుముందు వాళ్లు వెళ్లిపోవడానికి సిద్ధమైనవాళ్లే. చూసేవాళ్లకు ఆసక్తి లేదన్న మాటను ఆ రోజు నుంచి నేను నమ్మడం మానేశాను. చెప్పేవాళ్లు ఉంటే వినేవాళ్లు ఉన్నారు.

తోరణాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పది మీటర్ల ఎత్తున్న ఆ రాళ్ల మీద హంసలనూ, మొగ్గలనూ, దండలనూ ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. తెలంగాణ రాజముద్రలోకి వెళ్లింది ఆ తోరణమే. కానీ అవి స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిపిన వాకిళ్లు. మధ్యనున్న గుడి 1323లో ఢిల్లీ సేన కోటను గెలిచాక కూలిపోయింది. ఆ గుడిని ఊహించుకోలేనివాళ్లకు వాకిలి అర్థం కాదు, ఫోటోకు మంచి నేపథ్యంగా మాత్రం మిగులుతుంది. కొద్ది దూరంలోనే ఖుష్‌మహల్ ఉంది. కోట చేతులు మారాక లేచిన సభామందిరం అది, దాని ఎత్తైన కమానులు వేరే నిర్మాణ పద్ధతిని చెబుతాయి. ఈ రెండూ పక్కపక్కన చూస్తే ఓడినవాళ్ల చరిత్ర, గెలిచినవాళ్ల చరిత్ర ఒకే నేల మీద కనబడతాయి. ఇంత మంచి పాఠం ఏ తరగతి గదిలో చెప్పగలం?

మధ్యాహ్నం చెట్టు నీడన పులిహోర తింటూ మా స్నేహితురాలు ఒక మాట అంది. "మా వినుకొండ వల్లభరాయుడు మీ ఊళ్లో రోజంతా ఎలా తిరగాలో ఎప్పుడో రాసిపెట్టాడు కదే!" నిజమే. 15వ శతాబ్దపు 'క్రీడాభిరామం'లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. వీధి ఆటలూ కోడిపందేలూ చూస్తారు, పూటకూళ్లింట్లో రూకకు భోజనం చేస్తారు. ఒక నగరాన్ని ఒక రోజు నడకలో చూపించిన కావ్యం మన తెలుగులో ఉంది. ఆ నగరానికే ఇప్పుడు నడక దారి లేదు.

అందుకని నా విన్నపాలు ఇవి. మట్టికోట దగ్గర మొదలై తూర్పు ద్వారం, మెట్లు, తోరణాలు, ఏకశిల గుట్ట, ఖుష్‌మహల్ మీదుగా సాగే నడక దారిని గుర్తించాలి. రాతికోట వ్యాసం కిలోమీటరున్నరకు మించదు, పెద్దవాళ్లం మేమే నడిచాం. ఒక్కో చోట పలక పెట్టి, రాజుల పేర్లు, సంవత్సరాలతో సరిపెట్టకుండా ఆ కట్టడం చేసిన పని ఏమిటో రాయాలి. కోట లోపల ఉంటున్న కుటుంబాల పిల్లలకు శిక్షణ ఇచ్చి, వేతనమిచ్చి, దారి చూపే పని అప్పగించాలి. ద్వారాల్లోంచి బరువు వాహనాలు వెళ్లకుండా వేరే దారి చూడాలి.

ఊరి జనం కోటకు అడ్డం అనేవాళ్లతో నేను ఏకీభవించను. కోట ఎప్పుడూ మనుషులు బతికిన ఊరే. వాళ్ల రాకపోకలకు ఇబ్బంది లేకుండానే ఈ పని చేయవచ్చు. సౌండ్ అండ్ లైట్ షో ఉంది కదా అనవచ్చు. చీకట్లో కూర్చుని కథ వినడం బాగుంటుంది, కానీ రాయిని చేత్తో తడిమి తెలుసుకునే చరిత్ర పగటి నడకలోనే దొరుకుతుంది. డబ్బు లేదంటారా, పలకలకు కోట్లు అక్కర్లేదు. 2014లో ఓరుగల్లు తోరణాలు, వేయిస్తంభాల గుడి, రామప్ప కలిసి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు రామప్పకు దక్కింది. కోటకు ఎప్పుడు దక్కుతుందో గానీ, మన పిల్లలకు కోట అర్థమవడానికి ఆ గుర్తింపు దాకా ఆగనక్కర్లేదు.

వచ్చే సంక్రాంతికి మనవరాలిని వెంటబెట్టుకుని వస్తానని చెప్పి వెళ్లింది మా స్నేహితురాలు. ఆ పిల్ల వచ్చేసరికి మట్టికోట దగ్గర "ఇది చెరువుకట్ట కాదు, కోటగోడ" అని చెప్పే పలక ఒక్కటైనా నిలబడి ఉండాలని బాధ్యులందరినీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, హన్మకొండ